దిద్దుబాటు కూడా ఒక మర్యాదే

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రాయచూరు జిల్లాలోని మస్కి వద్ద 1915లో ఒక శిలాశాసనం వెలుగులోకి వచ్చింది. అంతవరకు శాసనాలలో దేవానాంప్రియుడన్న బిరుదుతో కనిపిస్తూ వచ్చిన చక్రవర్తి అశోకుడేనని ఆ శాసనం తేల్చి చెప్పింది. అదే చక్రవర్తి వేయించిన పద్నాలుగు శిలాశాసనాల వరుస ఈ జిల్లాకు పొరుగున ఉన్న కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై ఉన్నది. ఆ వరుసలో చివరిదైన పద్నాలుగవ శాసనంలో ఒక విశేషం ఉన్నది. ఈ రాతలలో ఎక్కడైనా కొరత కనిపిస్తే అందుకు గల కారణాలలో లేఖకుని పొరపాటు కూడా ఒకటి కావచ్చునని చక్రవర్తి స్వయంగా ఒప్పుకున్నాడు. రాతిపై చెక్కించిన రాజాజ్ఞలోనే తప్పు దొర్లవచ్చునని ఇరవై రెండు శతాబ్దాలకు పూర్వమే అంగీకరించిన ఏలిక ఆయన. అటువంటప్పుడు నోటుపుస్తకంలో పిల్లవాడు రాసిన వాక్యంలో, నాటక సమాజం అచ్చు వేయించిన ఆహ్వానపత్రికలో తప్పు దొర్లడం వింత కాదు. ఆ తప్పును ఎదుటివారు ఏ తీరున దిద్దుతారన్నదే ఆలోచించవలసిన విషయం.

తీరికవేళల గోష్ఠులు

బడిలో తప్పు దిద్దడానికి గురువు ఉన్నాడు, ఎర్రసిరా ఉన్నది, మార్కుల పట్టీ ఉన్నది. బడి వెలుపల, తీరికవేళ నలుగురు చేరి తమకు ఇష్టమైన విషయం ముచ్చటించుకునే చోట ఇవేవీ లేవు. ఒకచోట చదరంగం ఆడేవారు, ఒకచోట తపాలాబిళ్లలు సేకరించేవారు, ఇంకొకచోట పెరటి మొక్కలు పెంచేవారు, పద్యనాటకాలు అభ్యసించేవారు, క్రికెట్ గురించి వాదించుకునేవారు చేరుతారు. వీరిలో పండితులు ఉంటారు, పదవ తరగతితో చదువు ఆపినవారూ ఉంటారు. అందరినీ కలిపేది భాషాపాండిత్యం కాదు, అభిరుచి.

ఇటువంటి గోష్ఠిలో గులాబీ మొక్కలు పెంచే ఒకాయన తన సందేహాన్ని కాగితం మీద రాసి పంపాడని అనుకోవచ్చు. "మా తోటలో ఆకులు ముడుచుకోబడుతున్నవి, ఉపాయం తెలుపగలరు" అన్నది ఆ సందేహం. చదివిన పెద్దమనిషి వెంటనే "ముడుచుకోబడుతున్నవి అనరాదు, ముడుచుకుపోతున్నవి అనవలెను" అని దిద్దుతాడు. దిద్దినది సరియైనదే. నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వులో గులాబీ మాట మరుగున పడుతుంది. సందేహం అడిగిన మనిషి మరునాడు గోష్ఠికి రాడు. వాక్యం బాగుపడింది, మొక్క ఎండిపోయింది. ఈ జిల్లాలోని తెలుగు పిల్లల విషయంలో జరుగకూడనిది సరిగా ఇదే.

తప్పులలో మూడు తెగలు

తప్పు అని వేలెత్తి చూపబడేవన్నీ ఒకే జాతివి కావు. మొదటి తెగలో నిజమైన దోషాలు ఉన్నాయి. రెండవ తెగలో పొరుగు భాష నీడవల్ల వచ్చేవి ఉన్నాయి. మూడవ తెగలోనివి అసలు తప్పులే కావు, ప్రాంతాన్ని బట్టి మారే మాటతీరులు. ఈ విభజన తెలియకుండా దిద్దబూనడం వ్యాధి ఏదో తెలియకుండా మందు ఇవ్వడం వంటిది.

మొదటి తెగకు ఉదాహరణలు ఏ ఉత్సవపు కరపత్రంలోనైనా దొరుకుతాయి. "విద్యార్ధి" అని రాయడం బహుసాధారణమైన పొరపాటు. విద్యను కోరేవాడు విద్యార్థి. కోరిక, ప్రయోజనం, భావం అనే అర్థాలలో ఉండేది థకారం. ధకారంతో రాస్తే అర్ధమవుతుంది, అంటే సగం. ఒక్క అక్షరం మారితే చదువు కోరేవాడు సగం చదువువాడుగా ధ్వనిస్తాడు. "హార్ధిక స్వాగతం" అన్నది మరొకటి. హృదయానికి సంబంధించినది గనుక హార్దికం అన్నదే సాధువు. "సాంప్రదాయం" అని నామవాచకంగా వాడరాదు. నామవాచకం సంప్రదాయం, దానికి సంబంధించినది సాంప్రదాయికం. మహాత్ముని గొప్పతనం మాహాత్మ్యమే కాని "మహత్యం" కాదు. పద్యం అల్లిన స్త్రీ కవయిత్రి, "కవియిత్రి" కాదు. తత్త్వంలో తకారం రెండుసార్లు, ఉజ్జ్వలంలో జకారం రెండుసార్లు పలకాలి. ప్రతిష్ఠలో ఉన్నది ఠకారం, ఇష్టంలో ఉన్నది టకారం.

సంధి తెలియక వచ్చే జంట పొరపాటు ఒకటి తరచుగా కనిపిస్తుంది. "అత్యాధిక సంఖ్యలో విచ్చేసి" అని ఆహ్వానాలలో అచ్చు వేస్తుంటారు. అతి, అధిక అన్న రెండు మాటలు కలిస్తే అత్యధిక అవుతుంది. అక్కడ దీర్ఘానికి చోటు లేదు. అతి, ఆధునిక కలిసినప్పుడు మాత్రం రెండవ మాటలోని దీర్ఘం నిలిచి అత్యాధునిక అవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన రాసి చూపితే ఎనిమిదవ తరగతి విద్యార్థి ఒక్క నిమిషంలో గ్రహిస్తాడు, జన్మలో మరువడు. అదేవిధంగా "ఆధునీకరణ" కాదు, ఆధునికీకరణ. ఆధునికం కానిదానిని ఆధునికంగా చేయడం గనుక ఆధునిక శబ్దం పూర్తిగా నిలవాలి.

చెప్పినదే చెప్పడం మరొక దోషం. "తిరిగి పునఃప్రారంభించారు" అన్న వాక్యంలో పునః అంటేనే తిరిగి. ఒకటి చాలు. "వివిధ రకాల" అన్నదానిలో కూడా వివిధ శబ్దంలోనే విధం ఉన్నది. అయితే ఇది లోకంలో బాగా నాటుకుపోయింది. దీనిని దోషమని కొట్టివేయడం కంటె "రకరకాల" అన్న చక్కని తెలుగు మాటను గుర్తు చేయడం మేలు.

కర్మణి ప్రయోగం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దుకాణాల ముందు "అమ్మబడును" అని, సేకరణల ప్రదర్శనలో "ఈ బిళ్లలు సేకరించబడినవి" అని రాస్తారు. బడు ధాతువుతో కర్మణి వాక్యం కూర్చడం వ్యాకరణ విరుద్ధం కాదు, పాత కావ్యాలలోనూ ఉన్నది. కాని చేసేవాడు కళ్లెదుట ఉండగా తెలుగు నుడికారం ఆ దారిన పోదు. "ఇక్కడ అమ్ముతారు", "ఈ బిళ్లలు ఫలానా విద్యార్థి సేకరించాడు" అన్నవే తెలుగు వాక్యాలు. ఇది తప్పొప్పుల వివాదం కాదు, సహజ కృత్రిమాల తేడా.

పొరుగు భాష నీడ

రెండవ తెగ ఈ జిల్లాకు ప్రత్యేకమైనది. రాయచూరు కృష్ణా తుంగభద్రల నడుమ నేల. 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఆ నాడు మైసూరు రాష్ట్రంలో చేరింది. అప్పటిదాకా ఈ జిల్లాలోనే ఉన్న గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్లాయి. పండితులను ఆదరించి "విద్వద్గద్వాల" అనిపించుకున్న సంస్థానం సరిహద్దుకు ఆవల నిలిచింది. ఈవల మిగిలిన తెలుగువారి పిల్లలు ఇంట తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ వింటూ పెరిగారు. ఈ స్థితి లోపం కాదు, సంపద. సంపద ఉన్నచోట లెక్క తప్పడం కూడా సహజమే.

తెలుగులో మేము వేరు, మనము వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే మనము, కలుపుకోకపోతే మేము. నేటి కన్నడంలో ఈ రెండింటికీ "నావు" ఒక్కటే. అందువల్ల కన్నడం ఎక్కువగా మాట్లాడే పిల్లవాడు "రేపు మేము చదరంగం ఆడుదాం" అంటాడు. ఆడుదాం అన్న క్రియ మనముతోనే పొసగుతుంది. "మేము రేపు తోటకు వెళుతున్నాము" అంటే వినేవాడు ఇంట ఉండిపోవాలి. "మనము వెళుతున్నాము" అంటే అతడు చెప్పులు తొడుక్కోవాలి. పిలిచాడా, పిలువలేదా అన్నంత పెద్ద విషయం ఒక్క సర్వనామంలో ఉన్నది. ఇది చెప్పినప్పుడు పిల్లలు సిగ్గుపడరు, ఆశ్చర్యపడతారు. దిద్దుబాటు ఫలించిందనడానికి ఆ ఆశ్చర్యమే గుర్తు.

లింగభేదం విషయంలో తప్పు ఎదురు దిశలో జరుగుతుంది. తెలుగులో ఏకవచనంలో "అక్క వచ్చింది", "ఆవు వచ్చింది" అని క్రియ ఒకటే. బహువచనంలో మాత్రం "అక్కలు వచ్చారు", "ఆవులు వచ్చాయి" అని విడిపోతాయి. ప్రామాణిక కన్నడంలో ఏకవచనంలోనే స్త్రీకి "బందళు", పశువుకు "బంతు" అని వేరుచేస్తారు. తెలుగు పిల్లవాడు కన్నడ గోష్ఠిలో స్త్రీని గురించి "బంతు" అన్నప్పుడు అది అమర్యాద కాదు, వాని తల్లిభాష వ్యాకరణం. ఆ సంగతి తెలిసిన కన్నడ ఉపాధ్యాయుడు కోపగించుకోడు, వివరిస్తాడు.

ఒకే రూపంలో ఉండి అర్థం మారే మాటలు కూడా కొన్ని ఉన్నాయి. తెలుగులో అవసరమంటే కావలసినది, కన్నడంలో అవసర అంటే తొందర. తెలుగులో ఊట అంటే నేలలో ఊరే నీరు, కన్నడంలో భోజనం. ఇవి తికమక పెట్టినా చుట్టరికాన్ని చూపే మాటలు అంతకంటె ఎక్కువ. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు అని వరుసగా రాసి చూపితే తెలుగు పకారం ఉన్నచోట కన్నడ హకారం నిలిచిన తీరు పిల్లలకు తామే కనిపెట్టినంత ఆనందం కలిగిస్తుంది.

లిపిలోనూ ఇంతే. కన్నడంలో "సూర్య" వంటి మాటలలో రేఫను అక్షరం తరువాత గుర్తుగా రాస్తారు. ఆ అలవాటుతో తెలుగు రాసిన పిల్లవానికి తప్పు పడుతుంది. అయితే తెలుగులో కూడా ఒకప్పుడు వలపలగిలక అన్న పేరుతో ఇదే పద్ధతి ఉండేది. పాత అచ్చు పుస్తకాలు తిరగవేసిన వారికి అది తెలిసినదే. ఇప్పటి పద్ధతి అది కాదని చెప్పవలసిందే. కాని పిల్లవాడు రాసినది తాతలనాటి రాత అని కూడా చెప్పవచ్చును.

సమాసాల విషయంలో రెండు భాషల పండితులదీ ఒకే కట్టుబాటు. తెలుగు మాటను సంస్కృత పదంతో సంస్కృత పద్ధతిలో అతికించడం తెలుగులో వైరి సమాసం, కన్నడంలో అరిసమాసం. "పాలాభిషేకం" అటువంటిది. క్షీరాభిషేకం అనడం శాస్త్రం. 13వ శతాబ్దపు కన్నడ వైయాకరణుడు కేశిరాజు ఈ దోషాన్ని చెబుతూనే పూర్వకవులు వాడినవాటికి చోటు విడిచాడు. శాస్త్రం గట్టిగా ఉన్నా లోకం నోటికి తలుపు మూయలేదన్న మాట.

తప్పు కానివి

మూడవ తెగ అత్యంత సున్నితమైనది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తరువాత సింధనూరు, మాన్వి ప్రాంతాలకు కృష్ణా గోదావరి జిల్లాల రైతు కుటుంబాలు తరలివచ్చి క్యాంపులలో స్థిరపడ్డాయి. అంతకు ముందునుంచీ ఇక్కడ ఉన్న తెలుగువారి మాటతీరు వేరు, వచ్చినవారి మాటతీరు వేరు. ఒకరు "వచ్చినాడు" అంటే మరొకరు "వచ్చాడు" అంటారు. ఒకరి సొరకాయ మరొకరికి ఆనపకాయ. ఒకే పంటను వేరుశనగ అనేవారు, పల్లీలు అనేవారు, కర్నూలు వైపు వలె బుడ్డలు అనేవారు ఒకే తరగతిగదిలో కూర్చుంటారు.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. "వచ్చినాడు" పాత రూపం. అదే నోళ్లలో నలిగి "వచ్చాడు" అయింది. పాత రూపాన్ని చూసి నవ్వేవాడు తన తాతను చూసి నవ్వుతున్నాడు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వెలువడిన మాండలిక వ్యవసాయ పదకోశం రైతుల నోట వినిపించే మాటలను జిల్లాలవారీగా సేకరించింది. అంతటి భాషాశాస్త్రవేత్త రైతు మాటను దిద్దలేదు, రాసుకున్నారు. పెరటి మొక్కల గురించి చర్చించుకునే వారికి ఆ వైఖరి ఆదర్శం కావాలి.

నవ్వు చేసిన గాయం

భాషను ఎగతాళి చేస్తే ఏమవుతుందో ఈ జిల్లా ఒకప్పుడు భాగమై ఉన్న హైదరాబాదు రాష్ట్ర చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉన్నది. 1921 నవంబరులో హైదరాబాదు నగరంలోని వివేకవర్ధని థియేటరులో సంఘసంస్కరణ సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో ప్రసంగించడానికి నిలబడగా సభలోని కొందరు గేలిచేశారు. ఆ అవమానం తట్టుకోలేని తెలుగువారు వెంటనే సమావేశమై ఆంధ్రజన సంఘాన్ని స్థాపించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు గ్రంథాలయాలకు, పాఠశాలలకు, ఆపై ఆంధ్ర మహాసభకు అది బీజమైంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను సమాధానంగా వెలువరించారు.

పెద్దలు అవమానాన్ని సంఘంగా, సంచికగా మార్చగలిగారు. పదేళ్ల పిల్లవానికి ఆ శక్తి ఉండదు. వాడు చేయగలిగినది ఒక్కటే, మౌనం వహించడం. వాని తెలుగును చూసి ఒకసారి నవ్వితే తెలుగు మాట్లాడడం మానివేస్తాడు. కన్నడంలో మాట్లాడితే అక్కడ ఉచ్చారణ చూసి నవ్వుతారు. రెండు భాషలు వచ్చిన పిల్లవాడు రెండింటిలోనూ మూగవాడవుతాడు. తెలుగు మాధ్యమ పాఠశాల డెబ్బది అయిదు ఏండ్లు నిలిచినది ఆ మౌనాన్ని తొలగించడానికే.

దిద్దేవారికి దిద్దుబాటు

తెలుగులో దిద్దుబాటును గురించిన పెద్ద వివాదం గిడుగు రామమూర్తి పంతులు గారి కాలంలో జరిగింది. 1863లో జన్మించి 1940లో దివంగతులైన ఆ మహనీయుడు జీవత్ భాషకు పట్టం కట్టాలని పోరాడారు. చిన్నయసూరి బాలవ్యాకరణ నియమాలను పట్టుకొని ఇతరుల తప్పులు ఎంచే పండితులు తమ సొంత రచనలలో ఆ నియమాలనే ఎట్లా తప్పుతున్నారో ఉదాహరణలతో చూపారు. ఆయన సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చినవారు. సవరలు ఎట్లా మాట్లాడాలో ఆయన చెప్పలేదు, వారు ఎట్లా మాట్లాడుతున్నారో విన్నారు. ముందు వినడం, తరువాత చెప్పడం అన్న క్రమాన్ని ఆ జీవితం నేర్పుతున్నది.

అయితే దిద్దనే వద్దని దీని అర్థం కాదు. దిద్దకుండా వదలివేయడం కూడా ఒక విధమైన నిర్లక్ష్యమే. "విద్యార్ధి" అని రాసినవానికి ఎవరూ చెప్పకపోతే ఉద్యోగపు దరఖాస్తులో అదే రాస్తాడు, అక్కడ వాని పక్షాన వివరించేవారు ఉండరు. దిద్దవలసిందే, కాని దానికొక మర్యాద ఉన్నది.

అడిగిన ప్రశ్నకు ముందు సమాధానం చెప్పాలి, మాటతప్పు సంగతి ఆ తరువాత. నలుగురిలో కాక చాటున చెప్పాలి. ఒకనాటికి ఒక తప్పు చాలు, ఇరవై చెబితే ఒక్కటీ నిలవదు. తప్పని చెప్పి ఊరుకోకుండా కారణం చెప్పాలి. అతి, అధిక అని విడదీసి చూపినవాడు గురువు, "ఇది కూడా రాదా" అన్నవాడు కాడు. అన్నిటికంటె ముఖ్యంగా, దిద్దే ముందు నిఘంటువు తెరవాలి. బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం 1885 నుండి ఆ పనికే ఉన్నది. తనకు అలవాటు లేని మాట కనబడగానే తప్పనుకోవడం తొందరపాటు. వెదకిన పిదప తానే పొరబడ్డానని తేలితే ఆ మాట అందరి ఎదుట ఒప్పుకోవాలి. పెద్దవాడు తప్పు ఒప్పుకోవడం చూసిన పిల్లవాడు తప్పు చేయడానికి భయపడడు. భయం లేనివాడే రాస్తాడు, రాసినవానికే రాత కుదురుతుంది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వవిద్యార్థులు

తల్లిదండ్రులు ఇంట పిల్లలతో తమ యాసలోనే మాట్లాడవచ్చును, సిగ్గుపడవలసినది లేదు. గ్రంథభాష నేర్పే బాధ్యత బడిది, ప్రాణభాష నేర్పే బాధ్యత ఇంటిది. ఉపాధ్యాయులు గోడపత్రికలో ఒక మూల "ఈ వారపు మాట" అని ఒక పదానికి సరియైన రూపాన్ని, కారణాన్ని రాసి ఉంచవచ్చును. తప్పు రాసినవారి పేరు అక్కడ ఉండనక్కరలేదు. కన్నడ ఉపాధ్యాయులు, తెలుగు ఉపాధ్యాయులు కలిసి రెండు భాషల పోలికల పట్టికను పిల్లలచేతనే తయారు చేయిస్తే రెండు పాఠాలూ ఒకేసారి సాగుతాయి. తెలుగు, కన్నడ భాషలు రెండింటికీ 2008లోనే ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించింది. ఆ జంట గౌరవానికి ఈ నేలమీది పిల్లలు సహజ వారసులు.

పూర్వవిద్యార్థులు తమ ఊళ్లలో, ఉద్యోగస్థలాలలో నడుపుకునే అభిరుచి గోష్ఠులలో తెలుగును వదలకుండా ఉండడమే ఈ బడికి ఇచ్చే కానుక. అక్కడ ఎవరైనా తప్పుగా రాస్తే వారిని మొదట రాసినందుకు అభినందించాలి. తప్పుల తెలుగు దిద్దుకోవడానికి వీలున్నది. రాయని తెలుగును దిద్దే వీలు ఎవరికీ లేదు.

ఈ పాఠశాల ప్రాంగణంలో ఇకముందు కూడా పిల్లలు ధైర్యంగా తప్పులు చేయుదురుగాక, పెద్దలు ఓర్పుతో వాటిని దిద్దుదురుగాక.

శుభం భూయాత్.